వేడినీళ్లు ఎక్కడ ఆగిపోయాయి? షవర్ మిక్సర్ మరమ్మతు డైరీ

శుక్రవారం రాత్రి: ఫిర్యాదు

షవర్ మీటను ఎడమవైపు చివరిదాకా తిప్పినా వేడినీళ్లు రావడం లేదు. అదే స్నానాల గదిలో, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న వాష్ బేసిన్ కుళాయి నుంచి మాత్రం వేలు పెట్టలేనంత వేడిగా వస్తున్నాయి. ఇది ఒక్కరోజులో వచ్చిన తేడా కాదు. కొన్ని నెలలుగా షవర్ వేడి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది, మేమూ మీటను కొద్దికొద్దిగా ఎడమకు జరుపుకుంటూ సర్దుకున్నాం. ఇక జరపడానికి చోటు లేకపోయాక అసలు సంగతి బయటపడింది.

అమ్మ మోకాళ్ల నొప్పులకు వేడినీళ్ల స్నానమే పెద్ద ఉపశమనం. "బకెట్లో పట్టుకుని పోసుకుంటానులే నాన్నా, దీనికోసం గోడ పగలగొట్టించకు" అంది. గోడ మాట ఎందుకు వచ్చిందంటే, చూడటానికి వచ్చిన ప్లంబర్ మీటను అటూ ఇటూ తిప్పి చూసి, మిక్సర్ గోడ లోపల ఉంది కాబట్టి టైల్స్ తీసి మొత్తం మార్చాల్సిందేనని చెప్పి వెళ్లారు.

గోడ జోలికి వెళ్లడానికి ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. "వేడినీళ్లు రావడం లేదు" అనే ఒక్క ఫిర్యాదు వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. వేడినీళ్లు మిక్సర్ దాకా సరిపడా చేరకపోవడం ఒకటి. చేరినా, చన్నీళ్లు ఎక్కువగా వచ్చి కలిసి వాటిని చల్లార్చేయడం రెండోది. ఒంటిమీద పడే నీళ్లు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉంటాయి, చేయవలసిన పని మాత్రం పూర్తిగా వేరు. ఏది కారణమో తెలియకుండా ఏ భాగం కొన్నా ఊహమీద కొన్నట్టే.

మాది ఒకే మీట ఉన్న మిక్సర్. మీటను పైకెత్తితే ధార పెరుగుతుంది. ఎడమకు తిప్పితే వేడి, కుడికి తిప్పితే చల్లన. దాని కింద ఉన్న బొత్తాం నీళ్లను పైషవర్‌కో హ్యాండ్ షవర్‌కో మళ్లిస్తుంది. గోడ లోపల ఇత్తడి బాడీ ఉంటుంది, దాని మధ్యలో కార్ట్రిడ్జ్ కూర్చుని ఉంటుంది. కార్ట్రిడ్జ్‌లో రెండు సిరామిక్ బిళ్లలు. కింది బిళ్ల కదలదు, పైది మీటతో పాటు దానిమీద జారుతుంది. రెండింటి రంధ్రాలు ఎంత మేరకు ఎదురెదురుగా వస్తే అంత నీరు దిగుతుంది. ఈ మాత్రం బొమ్మ మనసులో ఉంటే రేపటి పనికి చాలు.

శనివారం ఉదయం: నీళ్లను కొలవడం

సామగ్రి పెద్దగా లేదు. ద్రవాల వేడి చూసే థర్మామీటరు, లీటరు గీత ఉన్న జగ్గు, ఫోనులో స్టాప్‌వాచ్. గొట్టంలో నిలిచిన చల్లటి నీరు పోయేదాకా కుళాయిలను కాసేపు వదిలి, తరువాత కొలిచాను.

బేసిన్‌లో చన్నీళ్లు 26 డిగ్రీలు, వేడినీళ్లు 56 డిగ్రీలు. షవర్ మీట ఎడమ చివరన ఉన్నప్పుడు వస్తున్న నీరు 31 డిగ్రీలు. జగ్గు లీటరు గీత దాకా నిండటానికి 8 సెకన్లకు కొంచెం ఎక్కువ పట్టింది, అంటే నిమిషానికి 7 లీటర్లకు కాస్త పైన.

ఈ నాలుగు అంకెల్లోనే చాలా సమాచారం ఉంది. చన్నీటికీ వేడినీటికీ మధ్య తేడా 30 డిగ్రీలు. షవర్ నీరు చన్నీటి కంటే కేవలం 5 డిగ్రీలు ఎక్కువ. 30లో 5 అంటే ఆరో వంతు. కాబట్టి షవర్ నుంచి వస్తున్న ప్రతి ఆరు చెంబుల నీటిలో ఒక్క చెంబే వేడినీరు, మిగిలిన ఐదూ చన్నీరు. ధార లెక్కన చూస్తే నిమిషానికి వేడినీరు సుమారు 1.2 లీటర్లు, చన్నీరు 6 లీటర్లు. ఏ మిక్సర్‌కైనా ఈ లెక్క పనిచేస్తుంది. షవర్ నీటి ఉష్ణోగ్రత నుంచి చన్నీటిది తీసేసి, వచ్చినదాన్ని వేడినీటికీ చన్నీటికీ ఉన్న తేడాతో భాగిస్తే వేడినీటి వాటా వస్తుంది.

మీట పూర్తిగా ఎడమన ఉన్నప్పుడు ఇంత చన్నీరు ఎందుకు వస్తోంది? దీనికి జవాబు మీట కిందే దొరికింది. మీటమీద ఎరుపు, నీలం రంగుల చిన్న మూత ఉంటుంది. దాన్ని గోటితో లేపితే లోపల చిన్న మర కనిపిస్తుంది. 2.5 మిల్లీమీటర్ల అలెన్ కీతో దాన్ని వదులు చేస్తే మీట ఊడి వస్తుంది. దాని అడుగున పళ్లున్న ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంది. మీట మరీ ఎడమకు వెళ్లకుండా ఆపే లిమిట్ రింగ్ ఇదే. పొరపాటున ఎవరూ పూర్తి వేడికి తిప్పుకుని కాలకుండా దీన్ని పెడతారు. మా మిక్సర్‌లో ఇది మధ్య పంటిమీద ఉంది. అంటే మీటకు "చివర" అయినది కార్ట్రిడ్జ్‌కు చివర కాదు. అక్కడ కూడా చన్నీటి దారి కొంత తెరిచే ఉంటుంది. ఇది లోపం కాదు, ఉండవలసిన తీరే.

రింగును తాత్కాలికంగా పక్కన పెట్టి మీటను నిజమైన చివరిదాకా తిప్పాను. నీరు 51 డిగ్రీలకు పెరిగింది. కానీ ధార దారంలా సన్నబడింది. లీటరు నిండటానికి 50 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 1.2 లీటర్లు, ఉదయం లెక్కలో తేలిన వేడినీటి వాటా సరిగ్గా అంతే. తరువాత మీటను పూర్తిగా కుడికి తిప్పితే లీటరు 6.5 సెకన్లలో నిండింది, నిమిషానికి 9 లీటర్ల పైన.

ఇక సందేహం లేదు. చన్నీళ్లు అతిగా రావడం కాదు, వేడినీళ్ల దారి పూడుకుపోయింది. బేసిన్‌కు అదే గీజర్ నుంచి నీరు బాగానే వస్తోంది కాబట్టి పూడిక ఉన్నది బేసిన్ గొట్టం చీలిన చోటుకూ షవర్ కార్ట్రిడ్జ్‌కూ మధ్యనే.

ఇక్కడే చాలామంది ఆ లిమిట్ రింగును శాశ్వతంగా తీసేసి పని అయిందనుకుంటారు. నీరు వేడెక్కినట్టే అనిపిస్తుంది కూడా. కానీ పూడిక అలాగే ఉంటుంది, కాపలా మాత్రం పోతుంది. రేపు ఏదో ఒక కారణంగా ఆ పూడిక కదిలిందంటే షవర్ కింద ఉన్న మనిషిమీద ఒక్కసారిగా ఒళ్లు కాలేంత వేడినీరు పడుతుంది. వృద్ధులో పిల్లలో ఉన్న ఇంట్లో ఇది చేయకూడని పని. రింగును భద్రంగా డబ్బాలో పెట్టాను, పని ముగిశాక తిరిగి దాని స్థానానికి వెళ్లాలి.

శనివారం మధ్యాహ్నం: ఇంకో అనుమానాన్ని తీర్చుకోవడం

కొన్ని ఇళ్లలో కారణం షవర్‌లో ఉండదు, ఇంకెక్కడో ఉంటుంది. హ్యాండ్ షవర్ చివరన నొక్కి ఆపే మీట ఉంటే, కొందరు మిక్సర్‌ను తెరిచే ఉంచి నీటిని చేతి దగ్గరే ఆపేస్తారు. అప్పుడు మిక్సర్ లోపల వేడి, చల్లని గొట్టాలు రెండూ కలిసిపోయి ఉంటాయి. ఏ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ ఉంటే ఆ నీరు రెండోదాంట్లోకి ఎక్కుతుంది. చన్నీటి గొట్టానికి మాత్రమే పంపు ఉండి, గీజర్‌కు నీరు ట్యాంకు నుంచి దానంతట అదే దిగుతుంటే తేడా ఇంకా ఎక్కువ. 10 మీటర్ల ఎత్తున్న నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి. ట్యాంకు 3 మీటర్ల ఎత్తులోనే ఉంటే 0.3 బార్ మాత్రమే. పంపు ఒత్తిడి ముందు అది నిలవదు.

దీన్ని తేల్చే పరీక్ష తేలిక. గీజర్ స్విచ్ ఆపి, దానికి చన్నీరు వెళ్లే వాల్వ్ మూసి, బేసిన్‌లో వేడినీటి కుళాయి తెరవాలి. గీజర్‌లోకి చన్నీరు వచ్చి తోస్తేనే వేడినీరు బయటికి వస్తుంది. కాబట్టి వాల్వ్ మూశాక ధార కాసేపట్లో ఆగిపోవాలి. ఆగకుండా పారుతూనే ఉంటే చన్నీరు ఇంకెక్కడి నుంచో వేడినీటి గొట్టంలోకి దూరుతున్నట్టే. మా ఇంట్లో ధార కాస్త పారి, చుక్కలై, నిలిచిపోయింది. ఆ అనుమానం తీరింది.

ఆదివారం ఉదయం: కార్ట్రిడ్జ్ బయటికి

కరెంటు పెట్టెలో గీజర్‌కు సరఫరా ఆపే స్విచ్, ఎంసీబీ, దించాను. గోడమీది స్విచ్ ఆపితే సరిపోతుందని అనుకోకుండా ఎంసీబీ దించడమే మంచిది, తడి చేతులతో పని. రెండు గొట్టాల వాల్వులూ మూసి, మీటను పైకెత్తి లోపల మిగిలిన ఒత్తిడిని వదిలేశాను. నేలమీది తూము జాలీని పాత గుడ్డతో మూశాను. ఈ పనిలో కనిపించకుండా పోయే చిన్న మరలన్నీ వెళ్లేది ఆ తూములోకే.

మీట ఊడినా దాని వెనక ఉండే గుండ్రటి మెరుపు పళ్లెం గోడకు పట్టేసి ఉంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డను దాని అంచు చుట్టూ చుట్టి అరగంట వదిలాను. తరువాత చేత్తో తిప్పగానే కదిలింది. స్పానర్‌తో పట్టి లాగితే మెరుపు పూత గీరుకుపోతుంది, ఆ పళ్లెం ఒక్కటే విడిగా దొరకడం కష్టం.

కింద ఇత్తడి నట్టు, దాన్ని ఎడమకు తిప్పి తీస్తే కార్ట్రిడ్జ్. తీసే ముందు ఫోటో తీసుకున్నాను. దాని అడుగున బాడీ రంధ్రాల్లో కూర్చునే రెండు చిన్న ముక్కులు ఉంటాయి. కొన్ని రకాలు 180 డిగ్రీలు తిరిగినా లోపల కూర్చుంటాయి, అప్పుడు వేడి కుడికీ చల్లన ఎడమకూ మారిపోతుంది.

కార్ట్రిడ్జ్ అడుగుభాగాన్ని వెలుతురులో పెట్టి చూశాను. మూడు రంధ్రాలు: ఒకటి వేడికి, ఒకటి చల్లనకు, ఒకటి కలిసిన నీరు బయటికి పోవడానికి. చన్నీటి రంధ్రం కొత్తదానిలా శుభ్రంగా ఉంది. వేడినీటి రంధ్రం అంచు చుట్టూ పసుపు కలిసిన తెల్లటి పొర పేరుకుని, రంధ్రం సగానికి తగ్గింది. రబ్బరు సీలు అంచున రెండు గట్టి పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి.

ఒకే నీరు, రెండు రంధ్రాలు, ఒకదానికే ఎందుకు పట్టింది? కఠిన జలంలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. నీరు వేడెక్కినప్పుడు అది విడిపోయి, బొగ్గుపులుసు వాయువు పోయి, కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. చక్కెరలాంటివి వేడినీళ్లలో ఎక్కువ కరుగుతాయి, కాల్షియం కార్బొనేట్ అందుకు విరుద్ధం. నీరు వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే అది గీజర్ కాయిల్‌మీదా వేడినీటి దారి పొడవునా పేరుకుంటుంది. కాయిల్ వేడెక్కి చల్లారేటప్పుడు సాగి ముడుచుకోవడంతో ఆ పొర పెచ్చులుగా ఊడి నీటితో పాటు ప్రయాణిస్తుంది. లీటరు నీటిలో కాల్షియం కార్బొనేట్ లెక్కన 180 మిల్లీగ్రాములు దాటితే చాలా కఠినమైన నీరుగా పరిగణిస్తారు.

రంధ్రం సగం మూసుకున్నంత మాత్రాన ధార ఎనిమిదో వంతుకు పడిపోతుందా? నాకు నమ్మకం కుదరలేదు. అందుకే కార్ట్రిడ్జ్ లేకుండానే బాడీని పరీక్షించాను. ఖాళీ రంధ్రానికి ఎదురుగా బకెట్ పట్టుకుని, ముందు చన్నీటి వాల్వ్‌ను క్షణం సేపు తెరిస్తే నీరు ఫౌంటెన్‌లా బకెట్ అడుగును తాకింది. అది మూసి వేడినీటి వాల్వ్ తెరిస్తే ఇత్తడి పెదవి మీదుగా ఊటలా కారింది, అంతే. గీజర్ నీరు అప్పటికే చల్లారింది కాబట్టి ఈ పరీక్షలో కాలే ప్రమాదం లేదు. వేడిగా ఉన్నప్పుడు చేయకూడదు.

కార్ట్రిడ్జ్ తీసిన ఎవరైనా ఈ పరీక్ష తప్పక చేయాలని నా గట్టి అభిప్రాయం. కొత్త కార్ట్రిడ్జ్ తెచ్చి బిగించి ఉంటే షవర్ కొంచెం మెరుగై మళ్లీ నిరాశపరిచేది. అసలు అడ్డు ఇంకా లోపల, బాడీలో ఉంది.

ఆదివారం మధ్యాహ్నం: అడ్డు దొరికింది

ఇత్తడి బాడీకి ఇరువైపులా, పెద్ద చదును స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉన్న ఇత్తడి బిరడాలు ఒక్కొక్కటి ఉన్నాయి. ఇవి అన్ని మిక్సర్లలో ఉండవు. ఉన్నవాటిలో వాటి వెనక సన్నటి జాలీ, నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటాయి. నీటిని ముందుకు మాత్రమే వదిలి, వెనక్కి రానివ్వకపోవడం ఆ వాల్వ్ పని. నిన్న చెప్పిన హ్యాండ్ షవర్ సందర్భంలో చన్నీరు గీజర్ వైపు ఎక్కకుండా ఆపేది ఇదే.

వేడి వైపు బిరడా మొండికేసింది. గాడిలో పేరుకున్న సున్నాన్ని సూదితో గీకి, స్క్రూడ్రైవర్ గాడిలో పూర్తిగా కూర్చునేలా చూసి, బరువంతా ముందుకు వేసి నెమ్మదిగా తిప్పితే కదిలింది. గాడి చెరిగిపోతే దాన్ని తీయడానికి నిజంగానే గోడ తవ్వాల్సి వస్తుంది. ఇంత పనిలోనూ తొందరపడకూడని చోటు ఇదొక్కటే.

జాలీని పట్టకారుతో బయటికి తీసి తెల్లకాగితం మీద బోర్లించాను. రవ్వంత బురద, అందులో రెండు రకాల ముక్కలు. ఒకటి తెల్లటి, పలుచటి, ఒక పక్క నునుపుగా ఉండి మరో పక్క గరుకుగా ఉన్న పెచ్చులు. రెండోది ఆవగింజంత నల్లటి మెత్తటి నలుసులు. రెండింటిమీదా వెనిగర్ చుక్క వేశాను. తెల్లవాటి చుట్టూ వెంటనే సన్నటి బుడగలు లేచాయి, కాల్షియం కార్బొనేట్ అనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నల్లవి కదలలేదు. వేలితో రుద్దితే కాగితంమీద నల్లటి చార గీసి, వేళ్ల మధ్య జిగురుగా నలిగాయి. రబ్బరు.

ఆ రబ్బరు ఎక్కడిది? వేడినీటి దారిలో రబ్బరు ఎక్కువగా ఉండేది గీజర్ నుంచి గోడ గొట్టానికి వెళ్లే వంగే హోసులోనే. బయటికి స్టీలు అల్లిక కనిపిస్తుంది, లోపల ఉండేది రబ్బరు గొట్టం. ఏళ్ల తరబడి వేడినీరు తగిలి అది లోపలి నుంచి పొడిబారి రాలుతుంది. స్టీలు అల్లిక ఎంత మెరుస్తున్నా లోపలి సంగతి బయటికి తెలియదు. గీజర్ దగ్గర హోసు విప్పి, ఒక చివరన టార్చి వేసి చూస్తే లోపలి గోడ పగుళ్లు తీసి ఉంది, చిటికెన వేలు పెట్టి తిప్పితే వేలికి నల్లగా అంటింది. జాలీలో చేరినదంతా ఇక్కడి నుంచే బయలుదేరింది. సున్నపు పెచ్చులు జాలీలో ఇరుక్కున్నాయి, వాటి సందులను రబ్బరు నలుసులు జిగురులా పూడ్చాయి. ఒక్క సున్నమే అయితే నీరు ఎంతోకొంత దారి చేసుకునేది.

బేసిన్‌కు ఈ గొడవ ఎందుకు లేదంటే, ఆ గొట్టంలో జాలీ లేదు. నలుసులు కుళాయి చివరి వడపోత దాకా వెళ్లి అక్కడ ఆగేవి. దాన్ని విప్పి చూస్తే అక్కడా అవే నల్లటి నలుసులు ఉన్నాయి, తక్కువగా.

నానబెట్టిన వేళ

జాలీ, నాన్ రిటర్న్ వాల్వ్, కార్ట్రిడ్జ్ మూడింటినీ 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండే మామూలు తెల్ల వెనిగర్‌లో వేశాను. నిమ్మ ఉప్పు అనే సిట్రిక్ ఆమ్లమూ పనిచేస్తుంది. బాత్రూములు కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వీటి దగ్గరకు తేకూడదు. సున్నంతో పాటు మెరుపు పూతనూ ఇత్తడినీ తినేస్తుంది. ఏ ఆమ్లాన్నీ బ్లీచింగ్ ద్రావణంతో కలపకూడదు, క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వెనిగర్ కూడా ఇందుకు మినహాయింపు కాదు.

బుడగలు వస్తున్నంతసేపు ఇంకో రకం మిక్సర్ల గురించి రాస్తాను, ఎందుకంటే వాటిలో వేడి ఆగిపోయే తీరు వేరు. ఒత్తిడిని సమం చేసే మిక్సర్లలో ఒక చిన్న పిస్టన్ ఉంటుంది. ఒక వైపు వేడినీరు, మరో వైపు చన్నీరు తోస్తుంటే అది మధ్యలో జారుతుంది. ఎవరైనా ఇంకో కుళాయి తిప్పి చన్నీటి ఒత్తిడి పడిపోతే వెంటనే వేడినీ తగ్గిస్తుంది. సున్నం పట్టి ఆ పిస్టన్ ఒక పక్కకు బిగుసుకుంటే వేడి పూర్తిగా మూసుకుపోవచ్చు. కార్ట్రిడ్జ్ తీసి చెవి దగ్గర ఊపితే పిస్టన్ కదిలే టకటక వినిపించాలి. వినిపించకపోతే అదే దోషి. థర్మోస్టాటిక్ మిక్సర్లలో ఉష్ణోగ్రతను బట్టి వ్యాకోచించే మైనపు గుళిక ఉంటుంది. దాని శక్తి పోతే ఎంత తిప్పినా వేడి సరిగా కుదరదు, ఆ భాగం మార్చడం తప్ప మార్గం లేదు.

సాయంత్రానికి కార్ట్రిడ్జ్ వేడి రంధ్రం శుభ్రమైంది. బిళ్లలమీద గోటికి తగిలే గీతలు లేవు, కాబట్టి దాన్నే వాడతాను. నాన్ రిటర్న్ వాల్వ్‌ను ఒక వైపు నుంచి నోటితో ఊదితే గాలి పోవాలి, రెండో వైపు నుంచి పోకూడదు. మాది రెండు వైపులా పోతోంది. దాని రబ్బరు అంచు గట్టిపడి ఒక చోట చిట్లింది. అదే కొలతలో కొత్తది వేయాలి. అది లేకుండానే నీరు ఇంకా ధారాళంగా వస్తుంది కదా అని వదిలేస్తే, చన్నీరు వేడినీటి గొట్టంలోకి ఎక్కే సమస్యను మనమే ఇంట్లోకి పిలిచినట్టు.

సోమవారం సాయంత్రం: మూలాన్ని శుభ్రం చేయడం

జాలీని కడిగి పెట్టేసి, పెచ్చులు పుట్టే చోటును వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ ఇదే పని. అందుకని ముందు గీజర్. ఎంసీబీ దించే ఉంది. ట్యాంకులో నీరు పూర్తిగా చల్లారాక చన్నీటి వాల్వ్ మూసి, అడుగు నుంచి నీటిని బకెట్లలోకి దించాను. మొదట తేరుకున్న నీరు, చివరికొచ్చేసరికి తెల్లటి పెచ్చులతో బురదనీరు. చన్నీటి వాల్వ్‌ను మళ్లీ మళ్లీ కొద్దిగా తెరిచి మూస్తూ నీరు తేటపడేదాకా కడిగాను. లోపల తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది, దాన్ని అలాగే ఉంచాను.

పాత హోసు తీసేసి కొత్తది బిగించాను. ఈసారి లోపల రబ్బరు లేకుండా మొత్తం స్టీలుతోనే ముడతలుగా ఉండే రకం. చివరల్లో చదును వాషర్లు ఉన్నాయి కాబట్టి మరలకు టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. అక్కడ నీటిని ఆపేది వాషరే, మర కాదు.

ట్యాంకు నిండి బేసిన్ వేడి కుళాయి నుంచి గాలి లేకుండా నీరు వచ్చేదాకా ఎంసీబీ ఎత్తలేదు. ఖాళీ ట్యాంకులో కాయిల్ వేడెక్కితే నిమిషాల్లో కాలిపోతుంది.

మంగళవారం: తిరిగి బిగించడం

వేడి వైపు కొత్త నాన్ రిటర్న్ వాల్వ్, కడిగిన జాలీ పెట్టి బిరడా బిగించాను. చల్లని వైపు బిరడా కూడా తీసి చూశాను, జాలీలో ఇసుక రేణువులు కొన్ని, అంతే. కార్ట్రిడ్జ్ పెట్టే ముందు రెండు వాల్వులనూ వంతులవారీగా క్షణం సేపు తెరిచి బాడీని కడిగాను. ఇప్పుడు వేడి వైపు నుంచి కూడా నీరు బకెట్ అడుగును గట్టిగా తాకింది. ఆ చప్పుడు విన్నాక అమ్మ తలుపు దగ్గరికి వచ్చి "వచ్చాయా?" అని అడిగింది. "దారి తెరుచుకుందమ్మా, ఇంకా బిగించాలి" అన్నాను.

కార్ట్రిడ్జ్ అడుగు సీళ్లకు, చుట్టూ ఉన్న ఓ రింగులకు తాగునీటికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలుచగా పూశాను. వాజలైన్‌లాంటి పెట్రోలియం జిడ్డు వాడకూడదు. ఇలాంటి సీళ్లకు వాడే ఈపీడీఎం అనే రకం రబ్బరు దానివల్ల ఉబ్బి మెత్తబడుతుంది. ముక్కులు రెండూ రంధ్రాల్లో కూర్చున్నాయని వేలితో నొక్కి నిర్ధారించుకుని, నట్టును ముందు చేత్తో, ఆపైన స్పానర్‌తో కొద్దిగా బిగించాను. మరీ బిగిస్తే బిళ్లలు నలిగి మీట బరువెక్కుతుంది.

మీటను సగం ఎత్తి ఉంచి వాల్వులను నెమ్మదిగా తెరిచాను. నట్టు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి కాసేపు ఉంచాను, తడి తగల్లేదు. గోడ లోపల ఉండే భాగంలో చుక్క లీకైనా బయటికి కనిపించేసరికి గోడకు చెమ్మ ఎక్కేసి ఉంటుంది. అందుకే పళ్లెం బిగించే ముందే ఈ కాగితం పరీక్ష.

అంకెలు: పూర్తి వేడిలో లీటరు 7 సెకన్లలో నిండింది, నిమిషానికి 8.6 లీటర్లు. ఉష్ణోగ్రత 55 డిగ్రీలు.

ఇప్పుడు లిమిట్ రింగ్. 60 డిగ్రీల నీరు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా సుమారు 5 సెకన్లలో లోతుగా కాల్చగలదు. 49 డిగ్రీల దగ్గర అదే గాయానికి నిమిషాలు పడుతుంది. వయసు మళ్లినవారి చర్మం పలుచన, పక్కకు తప్పుకునే వేగమూ తక్కువ. అలాగని గీజర్ వేడినే తగ్గించడం నాకు ఇష్టం లేదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, 60 డిగ్రీల దగ్గర చస్తుంది. ట్యాంకులో వేడిగా ఉంచి, షవర్ దగ్గర హద్దు పెట్టడమే సరైన పద్ధతి. గీజర్‌ను 60కి పెట్టి, నీరు పూర్తిగా వేడెక్కాక, రింగును ఒక్కో పన్ను జరుపుతూ మీట ఎడమ చివరన నీరు 42 డిగ్రీలు వచ్చే చోట ఆపాను.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ రింగుకు ఉష్ణోగ్రత తెలియదు, వాటా మాత్రమే తెలుసు. చలికాలంలో చన్నీరు 26 నుంచి 18 డిగ్రీలకు పడిపోతే అదే చోట 42 రావలసిన నీరు దాదాపు 38కే ఆగిపోతుంది. అప్పుడు షవర్ మళ్లీ చెడిపోయిందనుకోకుండా రింగును ఒక పన్ను ఎడమకు జరపాలి. ఎండలు మొదలవగానే తిరిగి వెనక్కి జరపడం అంతకంటే ముఖ్యం.

నెల తరువాత: తనిఖీ

జాలీ తీసి చూశాను. తెల్లటి పెచ్చులు వేలి కొనమీద పట్టేటన్ని. నల్లటి నలుసులు ఒక్కటీ లేవు, కాబట్టి హోసు విషయంలో అనుమానం సరైనదే. ధార కొలిస్తే మంగళవారం వచ్చిన అంకెకు తేడా లేదు. ఇంత తక్కువ పేరుకుంటోంది కాబట్టి జాలీని ఆరు నెలలకోసారి, గీజర్‌ను ఏడాదికోసారి కడిగితే సరిపోతుంది. ఆ తేదీలను, లీటరుకు పట్టిన సెకన్లను స్నానాల గది తలుపు లోపలివైపు చిన్న కాగితంమీద రాసి అంటించాను. అమ్మ షవర్ కింద స్టూలు వేయించుకుంది. దానికి జారని రబ్బరు కాళ్లు బిగించడం, పక్క గోడకు పట్టుకునే కడ్డీ వేయడం వచ్చే వారం పని.